రెండు చేతుల సాక్ష్యం

"చాయల ఏం కలిపినవమ్మా?"

ఈ ఒక్క ప్రశ్న అడగడానికే దేవప్ప తాండూరు నుంచి మధ్యాహ్నం ప్యాసింజర్‌లో వికారాబాద్ వచ్చాడు. తీరా అడిగాక ఆయనకే నోరు చేదైంది. పోలీస్ స్టేషన్ రైటర్ గదిలో, ఎదురుగా బల్ల మీద కూర్చున్న ఖుర్షీదాకు ముప్పై ఏళ్లు దాటవు. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది. ఎవరో దయతలచి తెచ్చిపెట్టిన చాయ్ ఆమె ముందు చల్లారి మీగడ కట్టింది.

"చక్కెర కలిపిన," అంది ఆమె. "ఆయనకు జర తీపెక్కువ గావాలె."

దేవప్ప ఆ మాట రాసుకోలేదు. ఆయన ఏదీ రాసుకోడు. రైల్వే పోలీసులో సగం జీవితం గడిపి, పై అధికారితో పడక ఉద్యోగానికి ఒక దండం పెట్టి, తాండూరు స్టేషన్ రోడ్డులో ప్రైవేట్ డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్న మనిషి. ఆ బోర్డు చూసి మేకలు తప్పిపోయినవాళ్లు వచ్చారు గానీ హత్య కేసులు రాలేదు. ఈరోజు హత్యాయత్నం కేసు ఒకటి వచ్చింది. వికారాబాద్ స్టేషన్‌లో పాయింట్స్‌మన్‌గా పనిచేసే ఇబ్రహీం, ఖుర్షీదాకు సొంత అన్న, రైల్వే ఫోనులో ఏడ్చాడు. "దేవప్పన్నా, మా చెల్లె మొగనికి ఇసం పెట్టిందంటున్నరు. నీ కాళ్లు మొక్కుత, జర వచ్చి చూడు." దేవప్ప సగం తిన్న జొన్నరొట్టె పళ్లెంలోనే వదిలేసి రైలెక్కాడు.

"మొదటి సంది చెప్పు బిడ్డా. ఏం దాయకు."

ఖుర్షీదా కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆమె భర్త ఇమాముద్దీన్ తాండూరులో దర్జీ. షేర్వానీ కుట్టించుకోవాలంటే చుట్టుపక్కల పెండ్లికొడుకులంతా అతని దుకాణానికే వస్తారు. ఈ పొద్దున దుకాణం తెరిచి కత్తెర చేతిలోకి తీసుకున్నాడో లేదో, రొమ్ము పట్టుకుని కూలబడ్డాడు.

"ఎసొంటి నొప్పి అన్నడు?"

"లోపట ఎవరో బట్ట చింపుతున్నట్టున్నది అన్నడు. దర్జీ గద, ఆయనకు గదే మాట వచ్చింది. ముందుగాల రొమ్ముల లేచింది. జరసేపటికి ఈపుల, రెక్కల నడుమకు పోయింది. డాక్టర్ చంద్రప్ప సాబ్ ఇంటికొచ్చి చూసిండు. బీపీ రెండు నూర్లున్నది, హైద్రాబాద్ తీస్కపొండ్రి, ఆలస్యం చెయ్యొద్దు అన్నడు. అత్తమ్మ, నేను పట్టుకోని రైలెక్కిచ్చినం."

"రైల్ల?"

"గొంతెండుతున్నది అన్నడు. థర్మాస్లకెళ్లి చాయ్ పోసిచ్చిన. రెండు గుటకలు తాగిండు, కండ్లు తేలేసిండు." ఆమె తన రెండు అరచేతులూ చూసుకుంది. "నేను రెండు చేతులు పట్టుకోని కూసున్న. ఒక చెయ్యి ఎచ్చగనే ఉన్నది. ఇంకో చెయ్యి సల్లగయింది, నీళ్ల కుండ లెక్క. గా సల్లటి చేతిని వికారాబాద్ వచ్చేదాంక రాకుతనే ఉన్న. ఎచ్చగ కాలేదు దేవప్పన్నా. ఎంత రాకినా కాలేదు."

దేవప్ప జేబులో పల్లీకాయలు ఉంటాయి. ఆలోచన ముదిరితే ఒకటొకటిగా ఒలుస్తాడు. ఇప్పుడు ఒలుస్తున్న కాయ సగంలో ఆగిపోయింది.

"సల్లగయింది ఏ చెయ్యి?"

"ఎడమది."

"మంచిది. ఇంకొక్క మాట. ఆయన బీపీ గోలీల సీసా మీ సంచిల ఖాళీగ దొరికిందంట. వారం కింద కొన్న సీసా. గోలీలు ఏమైనయి?"

ఖుర్షీదా కిటికీ వైపు తిరిగింది.

"గది అడగకుండ్రి."

"చెప్పకుంటె జైలుకు పంపుతరు బిడ్డా. పరాచికం గాదు."

"పంపనియ్యిండ్రి. ఆయన లేస్తె నాకు సాలు." మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు గబుక్కున ఇటు తిరిగింది. "నన్ను ఎందుకు తీస్కొచ్చిండ్రో అత్తమ్మకు చెప్పలే గద? చెప్పొద్దు. మీ బిడ్డ అనుకోని గిదొక్కటి చెయ్యిండ్రి. ఆమె తట్టుకోదు."

నేరం చేసిన మనిషి తనకు రక్షణ అడుగుతుంది. ఈమె అత్తకు అడుగుతోంది. దేవప్ప ఆమె తల మీద చేయి పెట్టబోయి, పోలీస్ స్టేషన్ అని గుర్తొచ్చి, ఆ చేత్తోనే చల్లారిన చాయ్ గ్లాసు తీసి పక్కన పెట్టాడు.

వరండాలో ఇన్‌స్పెక్టర్ అజమత్ కాసుకుని ఉన్నాడు. ఇస్త్రీ మడత నలగని మనిషి. మీసం కూడా ఇస్త్రీ చేయించాడా అన్నట్టు ఉంటుంది. ఇద్దరికీ పాత కక్ష. ఒకప్పుడు రైల్లో పోయిన పెట్టె కేసులో అజమత్ నలుగురిని పట్టుకుంటే, అయిదోవాడే దొంగని దేవప్ప తేల్చాడు. ఆ సంగతి అజమత్ మరిచిపోదామనుకున్నా ఊళ్లో జనం మరవనివ్వలేదు.

"అయిందా దేవప్ప సాబ్ మీ దర్యాప్తు?"

"షురువైంది."

"నాదైతే అయిపోయింది, వినుండ్రి. పొద్దున ఎనిమిదింటికి తాండూర్ల బీపీ రెండు నూర్లు. ట్రంకాల్ చేసి డాక్టర్‌ను నేనే అడిగిన. పదకొండింటికి గీడ దించినప్పుడు తొంభై. నడుమ ఏం జరిగింది? ఒక థర్మాస్, రెండు గుటకల చాయ్. బీపీ దించే గోలీల సీసా ఖాళీ. ఇగ తాండూర్ల వీళ్ల పక్కింటి చంద్రవ్వ ఉన్నది, ఆడి పోలీసోళ్లు అడిగిండ్రు. పొద్దుగాల ఖుర్షీదా 'ఇయ్యాల నా చేత్తోనే గోలీలు మింగిస్త, ఎవరడ్డమొస్తరో చూస్త' అని మొత్తుకునుడు చెవులార విన్నది. ఇంకేం గావాలె?"

"ఒక చెయ్యి ఎచ్చగ, ఒక చెయ్యి సల్లగ ఉన్నదంట. ఇసం ఒక్క చేతికే ఎక్కుతదా సాబ్?"

"చెయ్యి సల్లగున్నదని కేసు మాఫ్ చెయ్యాల్నా? పల్లీలు నమిలినంత సులువు గాదు ఇన్వెస్టిగేషన్." అజమత్ గడియారం చూసుకున్నాడు. "అయిదింటికి మెజిస్ట్రేట్ ముందట పెడ్త. అందాంక మీ ఇష్టం."

దేవప్ప రిక్షా ఎక్కి, నేరుగా ఇమాముద్దీన్‌ను చేర్చిన డాక్టర్ మనోరమ నర్సింగ్ హోంకు పోనిమ్మన్నాడు.

చిన్న గది. ఇనుప మంచం మీద ఇమాముద్దీన్ కళ్లు మూసుకుని పడుకున్నాడు. మధ్యమధ్య మూలుగుతున్నాడు. కాలి చీలమండ దగ్గర సూది గుచ్చి సెలైన్ ఎక్కిస్తున్నారు. కాళ్ల దగ్గర స్టూలు మీద అతని తల్లి లాల్‌బీ తస్బీ పూసలు తిప్పుతూ పెదవులు కదుపుతోంది. కోడల్ని పోలీసులు ఏవో వివరాలు అడగడానికి తీసుకుపోయారని మాత్రమే ఆ ముసలామెకు తెలుసు.

మనోరమ పొద్దుట్నుంచి అన్నం తినలేదని ఆమె కళ్లే చెబుతున్నాయి. "బీపీ ఎంతకీ పైకి రావట్లేదండీ," అంది గొంతు తగ్గించి. "పెంచే మందు సెలైన్‌లో కలిపాను. ఇంకో సీసా కలపాలేమో. గోలీలు ఎక్కువైతే ఇలాగే అవుతుంది. సీసా ఖాళీగా ఉందని చూసి, రూలు ప్రకారం పోలీసులకు చెప్పింది నేనే."

దేవప్ప తల ఊపి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. రోగి ఎడమ చేయి తీసుకున్నాడు. ఖుర్షీదా చెప్పింది నిజమే, చల్లగా ఉంది. నాడి కోసం వేళ్లు వెతుక్కోవలసి వచ్చింది. దొరికినట్టే దొరికి జారిపోయింది. ఆ చేతిని మెల్లగా దుప్పటి కింద పెట్టి, అటు వైపు వెళ్లి కుడి చేయి పట్టుకున్నాడు.

కుడి మణికట్టు వేళ్ల కింద కుట్టు మిషనులా కొట్టుకుంటోంది.

ఒకే మనిషి, ఒకే గుండె. ఒక చేయి పోతున్నానంటోంది, ఇంకో చేయి ఉరుకుతున్నానంటోంది. ఇద్దరు సాక్షులు రెండు రకాలుగా చెబితే ఒకరినే నమ్మి ఇంటికి పోకూడదని దేవప్ప కానిస్టేబుల్‌గా ఉన్నప్పుడే నేర్చుకున్నాడు. కుడి జబ్బ వైపు చూశాడు. అక్కడ ఆకుపచ్చ గుడ్డ కట్టి ఉంది, అందులో ఉబ్బెత్తుగా ఒక రూపాయి బిళ్ల. బీపీ మిషను పట్టీ మాత్రం మంచానికి ఎడమ వైపున వేలాడుతోంది.

"సిస్టరమ్మా, బీపీ ఏ చేతికి చూస్తున్నరు?"

నర్సు మార్త ముందుకొచ్చింది. "ఎడమకే సారూ, వచ్చినప్పటి సంది. కుడి జబ్బకు ఇమామ్ జామిన్ తాయెత్తు ఉన్నది గద. దారిల ఏ కష్టం రావొద్దని వాళ్లమ్మ కట్టింది. ఒకల నమ్మకం మీద మనం చెయ్యి ఎట్ల పెడ్తం? నా మెడల సిలువ తియ్యమంటె నేను తీస్తనా?"

ఆ మాటలో దేవప్పకు వెతికినా తప్పు దొరకలేదు. అంత మర్యాదగా, అంత మంచి మనసుతో చేసిన పని. అదే ఆయన్ని భయపెట్టింది.

"మరి తాండూరు డాక్టర్ చూసినప్పుడు గీ గుడ్డ ఉన్నదా?"

ఆ ప్రశ్నకు జవాబు గుమ్మం నుంచి వచ్చింది, మంచి కోపంగా.

"ఎట్లుంటది?" బూట్లు టకటకలాడిస్తూ అజమత్ లోపలికొచ్చాడు. దేవప్ప ఇటే వచ్చాడని ఎవరో చెప్పి ఉంటారు. "నా సాక్షుల తానికి వచ్చి గీ ముచ్చట్లేంది? ఇమామ్ జామిన్ ఇంట్ల పండుకున్నోనికి కడ్తరా? ప్రయాణం బోయేటోనికి గడప దాటే ముంగట కడ్తరు. నేను ట్రెయినింగుకు పోయిననాడు మా అమ్మ నాకు గట్లనే కట్టింది. గది కూడ తెల్వకుంట డిటెక్టివ్ ఎట్లయినవయ్యా?"

దేవప్ప లేచి నిలబడ్డాడు. ఆ తిట్టు ఆయనకు తగల్లేదు. నిజానికి అజమత్‌ను కౌగిలించుకోవాలనిపించింది.

"లాల్‌బీ అమ్మా, డాక్టర్ సాబ్ పట్టీ ఏ జబ్బకు చుట్టిండు?"

లాల్‌బీ పూసలు తిప్పడం ఆపింది. "గీ జబ్బకే బేటా, కుడి దానికే. ఆయన పట్టీ ఇప్పుకోని పోయిండు. గదే జాగల నేను కట్టిన."

"వింటివా సాబ్? రెండు నూర్లన్నది కుడి చెయ్యి. తొంభై అన్నది ఎడమ చెయ్యి." దేవప్ప గొంతు తనకు తెలియకుండానే పెద్దదైంది. "బీపీ పడిపోలేదు. చెయ్యి మారింది, గంతే."

అజమత్ ఏదో అనబోయాడు. మనోరమ మొహం చూసి ఆగిపోయాడు. రంగు వెలిసిన మొహంతోనే ఆమె రోగి కాలి దగ్గరికి ఒక్క అంగలో చేరి సెలైన్ గొట్టం నొక్కి పట్టుకుంది.

"సిస్టర్, ఇది తీసెయ్యండి. ఇప్పుడే. కుడి చేతికి బీపీ చూడాలి. అమ్మా, ఆ గుడ్డ విప్పాలి."

లాల్‌బీ రెండు చేతులతో కొడుకు జబ్బను కప్పేసింది. "ఇప్పొద్దు డాక్టరమ్మా! మంజిల్ చేరకముందు ఇప్పొద్దు. హైద్రాబాద్ ఇంక రాలేదు. ఇమామ్ సాబ్ జామిన్ మీద నా కొడుకును బయటికి తెచ్చిన. నడిమిట్ల ఇప్పితె వాడు ఎవరి పూచీల ఉండాలె?"

ఆ చేతులను బలవంతంగా లాగేయడానికి గదిలో ఎవరికీ మనసు రాలేదు. మనోరమ దేవప్ప వైపు చూసింది.

అప్పుడు అజమత్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. ఇస్త్రీ మడత గిస్త్రీ మడత చూడకుండా నేల మీద చతికిలబడి, కుడి చొక్కా చేయి పైకి మడిచాడు.

"అమ్మీ, నా జబ్బకు కట్టు. నీ కొడుకు గీడికెళ్లి కదిలేదాంక నేను పట్టుకుంట. నా మీద భరోసా ఉన్నదా?"

ముసలామె అతని మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత ముడి విప్పి, బిస్మిల్లా అనుకుంటూ ఆ ఆకుపచ్చ గుడ్డను ఇన్‌స్పెక్టర్ జబ్బకు కట్టింది. దేవప్పకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పాత పెట్టె కేసు కక్ష ఆ నీళ్లతోనే పోయింది.

మార్త పట్టీ చుట్టి గాలి కొట్టింది. పాదరసం పైకి పాకుతూ పోయింది. ఆమె చెవిలో గొట్టాలు సర్దుకుని రెండోసారి చూసింది.

"రెండు నూర్ల ఇరవై, డాక్టరమ్మా."

"ఎడమకు?"

"తొంభై కూడ లేదు."

పొద్దున తీసిన ఎక్స్‌రేను మనోరమ కిటికీ వెలుతురుకు పట్టుకుంది. "రొమ్ము నడుమ నీడ వెడల్పుగా ఉంది చూడండి. పడుకోబెట్టి తీశాం కాబట్టి అలా పడిందనుకున్నాను," అంది. చూపుడు వేలు ఆ నీడ అంచున ఆగింది. "గుండెలోంచి పెద్ద రక్తనాళం బయల్దేరుతుంది. బృహద్ధమని అంటారు. షేర్వానీకి పై గుడ్డ ఒకటి, లోపల అస్తరు ఒకటి ఉంటాయి కదా. దానికీ అంతే. ఇతనికి అస్తరు చిరిగింది. ఆ చిరుగులోంచి రక్తం దూరి, అస్తరునూ పై గుడ్డనూ విడదీసుకుంటూ పోతోంది. ఎడమ చేతికి పోయే దారి నొక్కుకుపోయింది. అందుకే ఆ చేయి చల్లబడింది."

"మరి చాయ్?" అన్నాడు అజమత్.

"చాయ్‌కి దీనికి సంబంధం లేదు. ఎక్కువ బీపీ వల్లే చిరిగింది. నేనేమో ఇంకా పెంచే మందు ఎక్కించాను." ఆమె నర్సు వైపు తిరిగింది. "సిస్టర్, నొప్పికి పెథిడిన్. తర్వాత బీపీ దించే ఇంజెక్షన్. నాడి వేగం తగ్గాలి, కుడి చేతిలో బీపీ నూట ఇరవైకి దిగాలి. ఎంత తక్కువ ఒత్తిడి ఉంటే చిరుగు అంత తక్కువ సాగుతుంది."

మందులు పడ్డాయి. మార్త పట్టీ విప్పకుండా పక్కనే కూర్చుని మళ్లీమళ్లీ చూస్తోంది. నూట తొంభై, నూట డెబ్బై. ఇమాముద్దీన్ మూలుగు తగ్గింది. దేవప్ప జేబులో పల్లీకాయ ఉందనే సంగతే మరిచిపోయాడు.

అజమత్ మాత్రం పోలీసువాడు. జబ్బకు గుడ్డ ఉన్నా బుర్ర కేసులోనే ఉంది. "బీపీ రెండు నూర్ల ఇరవై ఉన్నదంటె గోలీలు కడుపుల పడలేదు. ఒప్పుకుంట. మరి సీసా ఎట్ల ఖాళీ అయింది? గోలీలన్ని చాయల కలిపిందని గద నేను ఖుర్షీదాను లోపట కూసోపెట్టింది."

దేవప్ప అతని మోచేయి గిల్లాడు. అప్పటికే ఆలస్యమైంది.

లాల్‌బీ స్టూలు మీంచి లేచింది. "ఏందీ? నా కోడల్నా? ఇసం పెట్టిందని పట్టుకపోయినవా?"

అజమత్ తన జబ్బ మీది ఆకుపచ్చ గుడ్డను తడుముకున్నాడు.

"గా గోలీలు మోరీల పోసింది నేను." ఆమె రొమ్ము మీద చేయి వేసుకుంది. "నేను బేటా. గవి మింగినకాడి సంది వాడు మిషను మీదనే కునుకుతున్నడు. లేచి నిలబడితె తల తిరుగుతున్నదన్నడు. ఒకనాడు సూది వేలుల దిగింది. గోలీలే నా కొడుకును తింటున్నయనుకున్న. పారవోసి, అయిపోయినయి అని చెప్పిన. ఇయ్యాల పొద్దుగాల ఖుర్షీదా మోరీల తెల్లటి గోలీలు చూసింది. లొల్లి చేసింది. కొత్త సీసా తెచ్చి నా చేత్తోనే మింగిస్త అన్నది. తెచ్చేలోపట్నే వాడు పడిపాయె. పోలీసోళ్లకు గిది ఎందుకు చెప్పలేదు? పిచ్చిపిల్ల, ఒక్క మాట చెప్తె ఇడిచిపెడ్తుండిరి గద?"

"మీరు తట్టుకోరన్నది," అన్నాడు దేవప్ప. "అందుకే చెప్పలే."

ముసలామె గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. ఇన్ని కేసుల్లో దేవప్ప ఎందరో అబద్ధాలాడగా చూశాడు, తమను కాపాడుకోవడానికి. ఒకరిని కాపాడటానికి నోరు మూసుకుని జైలుకు సిద్ధపడినవాళ్లను చూడలేదు. ఆయన లాల్‌బీ పక్కన కూర్చుని నీళ్ల గ్లాసు పట్టుకున్నాడు. అజమత్ టోపీ పెట్టుకోవడం కూడా మరిచిపోయి బయటికి నడిచాడు. జీపు పోలీస్ స్టేషన్ వైపు పోతున్న శబ్దం వినిపించింది.

ఆ జీపు తిరిగొచ్చేసరికి బీపీ నూట ముప్పైకి దిగింది. అందరూ ఊపిరి పీల్చుకోబోతున్నారు. సరిగ్గా అప్పుడు ఇమాముద్దీన్ కళ్లు తెరిచాడు.

"మళ్ల చింపుతున్నరు," అన్నాడు సన్నగా. "ఇగ నడుములకు దిగింది."

మనోరమ దుప్పటి తీసి రెండు పాదాల మీద నాడి చూసింది. ఎడమ పాదం దగ్గర ఆమె వేళ్లు చాలాసేపు ఆగిపోయాయి.

"చిరుగు సాగుతోంది. ఇక్కడ ఉంచితే లాభం లేదు. గుండెకు దగ్గర చిరిగి ఉంటే ఆపరేషన్ చేయాలి. దూరంగా అయితే మందులతో నిలబెట్టవచ్చు. ఏదన్నది హైదరాబాద్‌లో చూస్తే గానీ తెలియదు. నా వ్యాన్ తియ్యమనండి. బీపీ చూసుకుంటూ నేనూ వస్తాను."

ఆ మాటలు అంటుండగానే ఖుర్షీదా గుమ్మంలోకి వచ్చింది. భర్త మొహం చూసింది, బతికే ఉన్నాడని చూసుకుంది. తర్వాత నేల మీద కూర్చున్న లాల్‌బీ దగ్గరికి నడిచింది. ముసలామె తల ఎత్తలేకపోయింది.

"అత్తమ్మా," అంది ఖుర్షీదా, "పొద్దుగాల సంది ఏమన్న తిన్నరా?"

లాల్‌బీ ఆమె కాళ్లు పట్టుకోబోయింది. ఖుర్షీదా పట్టుకోనివ్వలేదు. చంకల కింద చేతులు వేసి లేపి, గట్టిగా హత్తుకుంది. ఇద్దరూ కలిసి ఏడ్చారు. వ్యాను వచ్చిందన్నా ఒక క్షణం ఎవరూ వాళ్లను విడదీయలేదు.

స్ట్రెచర్ గుమ్మం దగ్గరికి వచ్చింది. అజమత్ జబ్బ మీది ముడి విప్పి, గుడ్డను రెండు చేతులతో లాల్‌బీకి అందించాడు. "నా పహరా గీ గడప దాంకనే అమ్మీ. ఇగ కొడుక్కు కట్టుకో. ముందట నా జీపు పోతది, దారి ఇడిపిస్త."

లాల్‌బీ ఆ గుడ్డను కళ్లకు అద్దుకుంది. కానీ కొడుకుకు కట్టలేదు, కోడలి చేతిలో పెట్టింది.

"నువ్వు కట్టు."

ఖుర్షీదా కన్నీళ్లు తుడుచుకుని, ఎప్పటి అలవాటుగా కుడి జబ్బ వైపు వంగింది. లాల్‌బీ ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఎడమకు కట్టు బిడ్డా. కుడి చెయ్యి డాక్టరమ్మకు గావాలె."